చూపు లేనివారికి స్మార్ట్ థర్మోస్టాట్ కొనేవారికి హెచ్చరిక

అమెరికాలో ఉంటూ తమ కోసమో, చూపు మందగించిన అమ్మానాన్నల కోసమో స్మార్ట్ థర్మోస్టాట్ (ఇంటి వేడినీ చల్లదనాన్నీ ఫోన్‌తోనో మాటతోనో నడిపే గోడ పరికరం) కొనాలనుకుంటున్న తెలుగువారు డబ్బు కట్టే ముందు ఇది చదవాలని నా మనవి. నేను పుట్టుకతో చూపు లేనివాణ్ణి, ఒహాయోలో సొంత ఇంట్లో ఒంటరిగా ఉంటున్నాను. మా ప్రాంతంలో హీటింగ్, ఏసీ పనులు చేసే ఒక కంపెనీ నాకు అమ్మి, గోడకు బిగించి వెళ్లిన థర్మోస్టాట్ నా చేతికీ నా ఫోనుకూ పనికిరానిదని తేలింది. దానికంటే ఎక్కువగా, నిన్న ఆ కంపెనీ మేనేజరు నాతో మాట్లాడిన తీరు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

ఇల్లు వేడిచేసే పాత ఫర్నేస్ తీసేసి హీట్ పంప్ పెట్టించుకోవడంతో, గోడమీదున్న గుండ్రటి డయల్ థర్మోస్టాట్ కూడా మార్చక తప్పలేదు. ఆ డయల్ అంచున అంటించుకున్న ఉబ్బెత్తు చుక్కలను వేలితో తడిమి ఇన్నేళ్లూ ఎవరి సాయమూ లేకుండా నడుపుకున్నాను. కొత్తది కొనే ముందు అమ్మకాల ప్రతినిధిని స్పష్టంగానే అడిగాను: దీని యాప్‌లోని ప్రతి తెరనూ ఐఫోన్‌లో తెరమీదున్నది పైకి చదివి వినిపించే వాయిస్ ఓవర్ చదువుతుందా, గోడమీది పరికరానికి తడిమితే తెలిసే బటన్లు ఉన్నాయా, వైఫై పోతే మళ్లీ నేనే కలుపుకోగలనా అని. అన్నింటికీ అవునని, చూపు లేనివారికి ఇంతకంటే సులువైనది లేదని, అంతా మాటతోనే నడిచిపోతుందని ఆయన ఈమెయిల్‌లో రాసి ఇచ్చాడు.

బిగించిన మనిషి వెళ్లిపోయాక గోడమీద చెయ్యి పెడితే నున్నటి గాజు పలక తప్ప మరేమీ తగల్లేదు. గీత లేదు, గుంట లేదు, అంచుకూ మధ్యకూ తేడా లేదు. ఎక్కడ తాకినా ఒకటే రకం బీప్. వేడి పెంచినా అదే చప్పుడు, తగ్గించినా అదే చప్పుడు, హీటింగ్ నుంచి కూలింగ్‌కు మారినా అదే చప్పుడు. పైగా ఎక్కడేముందో తెలుసుకుందామని వేలు జరిపితే ఆ జరపడంతోనే డిగ్రీలు మారిపోతాయి. తడిమి తెలుసుకోవడమే మాకు చూడడం. ఆ చూడడమే ఇక్కడ మీట నొక్కినట్టవుతోంది.

యాప్ పరిస్థితి అంతకంటే ఘోరం. ఉష్ణోగ్రత చూపే పెద్ద వలయం దగ్గరికి వెళ్తే వాయిస్ ఓవర్ ‘ఇమేజ్’ అని ఊరుకుంటుంది. పెంచడానికీ తగ్గించడానికీ ఉన్న రెండు గుర్తులను ‘బటన్’, ‘బటన్’ అని చదువుతుంది. ఏది పెంచేదో ఏది తగ్గించేదో నొక్కి చూస్తే తప్ప తెలియదు, నొక్కాక ఎంతకు చేరిందో అప్పుడూ చెప్పదు. మోడ్ దగ్గర ‘సెలెక్టెడ్’ అంటుంది గానీ ఎంపికైనది హీటింగో కూలింగో చెప్పదు. వారం మొత్తానికి సమయాలు పెట్టుకునే షెడ్యూల్ తెరంతా వేలితో లాగవలసిన రంగు గీతలేనట, వాయిస్ ఓవర్‌కు అక్కడ ఏమీ లేనట్టే. ఇవి బాగుచేయలేని లోపాలేమీ కావు. బటన్‌కు పేరు పెట్టడమూ, వలయాన్ని వాయిస్ ఓవర్ వేలి కదలికలతో సవరించుకునేలా చేయడమూ యాప్ రాసేవారికి ఏనాటి నుంచో తెలిసిన పనులే, అందుకే ఇది మరీ బాధ కలిగిస్తోంది.

ఇంట్లోని స్మార్ట్ స్పీకర్‌తో మాట్లాడి 70 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పెట్టమంటే పెడుతుంది, కాదనను. అయితే మాట వినడం వేరు, తెర మీద ఉన్నది చదివి వినిపించడం వేరు. అమ్మేవారు ఈ రెంటినీ ఒకటిగా చూపిస్తున్నారు, మోసమంతా అక్కడే ఉంది. కరెంటు పోయి వచ్చిన ఒక రాత్రి థర్మోస్టాట్ వైఫై నుంచి తెగిపోయింది. దాంతో మాటా పోయింది, యాప్ కూడా పోయింది. మళ్లీ కలపాలంటే గోడమీది తెరలో కనిపించే అంకెలను ఫోన్‌లో కొట్టాలట. చివరకు బీ మై ఐస్ యాప్‌లో ఎవరో ఒక స్వచ్ఛంద సేవకురాలు కెమెరా గుండా చూసి ఆ అంకెలు చదివిపెట్టారు. చదువుతూ చదువుతూ, కింద నారింజ రంగు అక్షరాల్లో ఆక్జిలరీ హీట్ నడుస్తోందని ఉంది, అది మీకు తెలుసా అని ఆమే అడిగారు. నాకు తెలియదు. హీట్ పంప్ బయటి గాలిలోని వేడిని లోపలికి తెస్తుంది కాబట్టి వాడిన కరెంటుకు మామూలుగా రెండు మూడు రెట్ల వేడి ఇస్తుంది. ఆక్జిలరీ హీట్ అంటే కరెంటు తీగలు వేడెక్కి ఇచ్చే వేడి, ఎంత కరెంటు కాలిస్తే అంతే వేడి. అది ఎంతసేపటి నుంచి నడుస్తోందో, ఎందుకు నడుస్తోందో స్పీకర్ ఒక్కసారి కూడా చెప్పలేదు, అడిగినా తనకు తెలియదనే అంది. కరెంటు బిల్లు కట్టేవాడికి తెలియవలసిన ఆ ఒక్క ముక్కా కళ్లున్నవారికి మాత్రమే కనిపించేలా పెట్టారు.

ఇవన్నీ చెప్పి, పరికరం తీసుకుని డబ్బు వాపసు ఇవ్వమని నిన్న ఫోన్ చేశాను. మాటతో పనిచేయాలని మీరే అన్నారు, పనిచేస్తోంది కదా అన్నాడు మేనేజరు. వాళ్ల ప్రతినిధి రాసిన ఈమెయిల్ చదివి వినిపిస్తే, అది సేల్స్ వాళ్ల మాట, మాకు సంబంధం లేదన్నాడు. ఎవరైనా ఇంటికి వచ్చినప్పుడు మిగతావి పెట్టించుకోండి అన్నాడు. నేను ఇంకా మాట్లాడుతూ ఉండగానే అడ్డుపడి, “మీ తరఫున మాట్లాడేవారు ఎవరైనా ఉంటే ఫోన్ వాళ్లకివ్వండి” అన్నాడు. నేను ఉద్యోగం చేసుకుంటున్నాను, ఈ ఇంటి వాయిదాలు నేనే కడుతున్నాను, వాళ్ల బిల్లుకు డబ్బు ఇచ్చిందీ నేనే. ఆ చెక్కు మీద సంతకం పెట్టించుకున్న రోజున నా తరఫున మాట్లాడే మనిషి కావాలని వాళ్లలో ఎవరికీ అనిపించలేదు. పరికరం పనికిరాకపోతే మార్చుకోవచ్చు, నష్టమైతే భరించవచ్చు. నా ఇంట్లో, నా ఫోన్‌లో, నా గొంతు వింటూనే నన్ను లేనివాడి కింద జమకట్టిన ఆ మాటను మాత్రం నేను క్షమించలేను. వాపసు సంగతి చివరికి ఇలా తేల్చాడు: పెట్టె తెరిచారు కాబట్టి రీస్టాకింగ్ ఫీజు (సరుకు వెనక్కి తీసుకున్నందుకు కోత), విప్పడానికి మళ్లీ కూలి, బిగించిన కూలి ఎలాగూ రాదు.

చట్టం ఆదుకుంటుందని ఎవరూ ధీమాగా ఉండకండి. 2010లో వచ్చిన అమెరికా చట్టం ఫోన్లకూ, వీడియో పరికరాలకూ చూపు లేనివారు కూడా వాడుకునేలా ఉండాలన్న నిబంధనలు పెట్టింది గానీ గోడమీది థర్మోస్టాట్ దాని పరిధిలోకి రాదు. అందుకే క్రెడిట్ కార్డు మీద కొనండి, వాయిస్ ఓవర్ లేదా టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్ ఫోన్లలో అదే పని చేసేది) అన్న పేరు బిల్లు మీదే రాయించుకోండి. చెక్కు ఇచ్చిన నాకు, కార్డు ఇచ్చిన బ్యాంకు ద్వారా అమ్మినవారి మీద వివాదం వేసే ఆ దారి లేకుండా పోయింది. ఐఫోన్ వాడేవారైతే హోమ్‌కిట్‌తో (ఇంటి పరికరాలను ఐఫోన్‌తో కలిపే ఆపిల్ ఏర్పాటు) గానీ మ్యాటర్‌తో (వేర్వేరు కంపెనీల పరికరాలను కలిపే ఉమ్మడి ప్రమాణం) గానీ కలిసేదే ఎంచుకోండి, ఎందుకంటే తయారీదారు యాప్ మొరాయించినా ఆపిల్ వారి హోమ్ యాప్‌లో డిగ్రీలూ మోడూ వాయిస్ ఓవర్‌తో మార్చుకోవచ్చు; ఎకోబీ వంటివి 2015 నుంచే హోమ్‌కిట్‌తో పనిచేస్తున్నాయి. షెడ్యూలూ, ఆక్జిలరీ హీట్ వివరాలూ మాత్రం తయారీదారు యాప్‌లోనే ఉండవచ్చు కాబట్టి దాన్ని విడిగా పరీక్షించాలి. స్మార్ట్ హంగులు అక్కర్లేదనుకుంటే, బటన్ నొక్కగానే డిగ్రీలు పైకి చెప్పే మాట్లాడే థర్మోస్టాట్లు కూడా దొరుకుతాయి. మీ హీట్ పంప్ తీగలకు సరిపోతుందో లేదో ముందుగా అడగండి. అమ్మానాన్నల కోసం కొనే పిల్లలు తమ ఫోన్‌లో వాయిస్ ఓవర్ పెట్టి, స్క్రీన్ కర్టెన్‌తో తెర నల్లగా చేసుకుని, డిగ్రీలు మార్చడం, షెడ్యూల్ పెట్టడం, వైఫై తెంపి మళ్లీ కలపడం, ఈ మూడూ బిగించిన మనిషి గడప దాటకముందే చేసి చూడాలి, ఏ ఒక్కటి కాకపోయినా అప్పటికప్పుడే విప్పించి పంపేయాలి.