పవర్ ట్రాన్స్‌ఫార్మర్ లేని పోర్టబుల్ ట్యూబు టీవీ: చాలా ఏళ్ల వాడకం తర్వాత

1956లో అమెరికాలో తయారైన 14 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ ట్యూబు టెలివిజన్ ఒకటి చాలా ఏళ్లుగా నా వాడుకలో ఉంది. రేకు పెట్టె, పైన మడిచే పిడి, వెనక గాలి రంధ్రాలున్న అట్ట, పక్కన ఛానల్ మార్చే గుండ్రటి మీట ఉంటాయి. అప్పటి బల్ల మీది సెట్లతో పోలిస్తే దీని బరువు తగ్గడానికి ముఖ్య కారణం లోపల పవర్ ట్రాన్స్‌ఫార్మర్ (మెయిన్స్ వోల్టేజిని సెట్టుకు కావలసిన వోల్టేజిలుగా మార్చే భాగం) లేకపోవడమే. ఇనుము, రాగి కలిసిన ఆ బరువైన భాగాన్ని తీసేయడంతో సెట్టు చౌకైంది, చేత్తో మోయగలిగేదైంది. దీన్ని గుర్తించడంలోనూ, బాగుచేయడంలోనూ, ఇన్నేళ్లు వాడడంలోనూ నాకు ఎదురైన సంగతుల్లో సగానికి పైగా ఆ ఒక్క నిర్ణయం నుంచి పుట్టినవే.

సెట్టు నా చేతికి వచ్చేనాటికే మోడల్ చీటీ ఊడిపోయింది. ముందు భాగంలో ఉన్న పేరు తయారీదారుది కాదు, అమ్మిన దుకాణాలది. ఆ రోజుల్లో ఇది మామూలే. సియర్స్ సంస్థ సిల్వర్‌టోన్ పేరుతో అమ్మిన సెట్లను వార్విక్ వంటి ఇతర సంస్థలు తయారు చేసేవి, చాసిస్ (భాగాలన్నీ బిగించిన లోపలి రేకు చట్రం) నంబరులో చుక్కకు ముందు 528 అని ఉంటే అది వార్విక్ తయారీ అని తెలుస్తుంది. అందువల్ల ఇక్కడ పేరు కంటే చాసిస్ రకమే ముఖ్యమని భావించి, నేను రాసేదంతా ఆ రకానికి చెందినదిగానే రాస్తున్నాను.

అమ్మినవారు దీన్ని 1940ల నాటిదని చెప్పారు. ట్యూబుల పేర్లు చూస్తే ఆ మాట నిలవలేదు. ట్యూబు పేరులో ముందుండే సంఖ్య సుమారుగా హీటరు (ట్యూబును లోపలి నుంచి వేడిచేసే తీగ) వోల్టేజిని సూచిస్తుంది. మామూలు సెట్లలో 6సీబీ6 ఉండే చోట ఇందులో 3సీబీ6 ఉంది. పని ఒకటే, కానీ మొదటిదాని హీటరుకు 6.3 వోల్టులు, 300 మిల్లీయాంపియర్లు కావాలి, రెండోదానికి 3.15 వోల్టులు, 600 మిల్లీయాంపియర్లు. 5యూ8, 12డీక్యూ6, 12ఏఎక్స్4 కూడా అదే 600 మిల్లీయాంపియర్ల వరుసకు చెందినవి. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా హీటర్లన్నిటినీ సిరీస్‌లో కలిపి నేరుగా 117 వోల్టుల మెయిన్స్‌కు తగిలించడానికే, దాదాపు ఒకే సమయంలో వేడెక్కేలా 1950ల మధ్యలో ఈ వరుసను తెచ్చారు.

కచ్చితమైన ఏడాదిని వాల్యూమ్ కంట్రోల్ వెనక రేకు మీద ముద్రించిన అంకెలు చెప్పాయి. అక్కడ 137623 అని ఉంది. మొదటి మూడంకెలు ఆ భాగాన్ని చేసిన సంస్థ సంకేతం. 137 అంటే సీటీఎస్. తర్వాతి 6 ఏడాది చివరి అంకె, 23 ఆ ఏడాదిలోని వారం. 6 అంటే 1946 కావచ్చు, 1966 కూడా కావచ్చు; పైన చెప్పిన ట్యూబులు మొదటిదాన్ని కొట్టేస్తాయి. పిక్చర్ ట్యూబు 90 డిగ్రీలది (కిరణం తెర మీద తిరిగే కోణం) కావడం, యూహెచ్‌ఎఫ్ (14 నుంచి పై ఛానళ్ల) ట్యూనర్ లేకపోవడం రెండోదాన్ని కొట్టేస్తాయి, ఎందుకంటే 1964 ఏప్రిల్ 30 తర్వాత అమెరికాలో తయారైన సెట్లలో యూహెచ్‌ఎఫ్ తప్పనిసరి. స్పీకరు మీది సంకేతం కూడా అదే ఏడాదిని చూపింది. ఒకే భాగం మీది తేదీని నమ్మకూడదు, మధ్యలో ఎవరైనా దాన్ని మార్చి ఉండవచ్చు. చివరకు 1946 నుంచి వెలువడుతూ వచ్చిన సామ్స్ ఫోటోఫ్యాక్ట్ అనే రిపేరు సమాచార ఫోల్డర్లలో ట్యూబుల అమరిక చిత్రాన్ని పోల్చి, సరిపోయే సర్క్యూట్ డయాగ్రం పట్టుకున్నాను. ఆ కాగితాలు చేతిలో లేకుండా సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వృథా శ్రమ అని నా అభిప్రాయం.

ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్టులో చాసిస్ మెయిన్స్‌లోని ఒక తీగకు నేరుగా కలిసి ఉంటుంది. ప్లగ్గును తిప్పి పెడితే చాసిస్ అంతా కరెంటే. పెట్టె రేకుకూ చాసిస్‌కూ మధ్య ఉండే ఫైబరు వాషర్లు పగిలినా, గుండీ ఊడి లోహపు కడ్డీ బయటపడినా షాక్ కొట్టడం ఖాయం. ఇందుకు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే మందు. 230 వోల్టులున్న చోట వోల్టేజి తగ్గించే ఆటో ట్రాన్స్‌ఫార్మర్‌తో సరిపెట్టుకునేవారు ఉన్నారు. అది వోల్టేజిని తగ్గిస్తుందే తప్ప చాసిస్‌ను మెయిన్స్ నుంచి విడదీయదు. రెండు చుట్లూ వేర్వేరుగా ఉన్నదే వాడాలి. పిక్చర్ ట్యూబు గాజు సంగతి వేరు: ప్లగ్గు తీసేశాక కూడా అందులో పదివేల వోల్టుల స్థాయి ఛార్జి నిలిచి ఉండగలదు కనుక, యానోడ్ టోపీని (గాజు పక్కన హై వోల్టేజి తీగ తగిలే రబ్బరు మూతను) తీసే ముందు దాన్ని చాసిస్‌కు డిశ్చార్జ్ చేయాలి.

బాగుచేసే పనిలో ఎక్కువ భాగం కెపాసిటర్లదే. మైనపు కాగితపు కెపాసిటర్లన్నీ కాలంతో లీకవుతాయి. ఒక్కొక్కటిగా పరీక్షించడం కంటే అన్నిటినీ పాలియెస్టర్ ఫిల్మ్ కెపాసిటర్లతో మార్చడం తెలివైన పని. అన్నిటికంటే ముందు మార్చవలసింది హారిజాంటల్ అవుట్‌పుట్ ట్యూబు (కిరణాన్ని అడ్డంగా తిప్పేది) గ్రిడ్‌కు (ట్యూబులో కరెంటును అదుపు చేసే తీగ వలకు) వెళ్లే కప్లింగ్ కెపాసిటర్. అది లీకైతే గ్రిడ్ పాజిటివ్ అవుతుంది, ట్యూబు ప్లేటు ఎర్రగా కాలుతుంది, దానితో పాటు ఎక్కడా సులభంగా దొరకని ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్ (పిక్చర్ ట్యూబుకు హై వోల్టేజి ఇచ్చేది) కూడా పోతుంది. ఆ ట్యూబును నడిపే ఆసిలేటర్ ఆగిపోయినా ఫలితం ఇదే కాబట్టి, ఆ ట్యూబు కాథోడ్ దారిలో చిన్న ఫ్యూజు పెట్టాను. అసలు డయాగ్రంలో అది లేదు, అయినా నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.

ఏసీని డీసీగా మార్చే సెలీనియం రెక్టిఫయర్ల బదులు సిలికాన్ డయోడ్లు వేశాను. సిలికాన్‌లో వోల్టేజి తగ్గుదల చాలా తక్కువ కనుక హెచ్‌టీ (ట్యూబుల ప్లేట్లకు వెళ్లే డీసీ వోల్టేజి) పెరిగిపోతుంది. దాన్ని డయాగ్రంలోని విలువకు దించడానికి సిరీస్‌లో తగిన రెసిస్టర్ తప్పనిసరి. విలువ పెరిగిపోయిన కార్బన్ రెసిస్టర్లను కూడా మార్చవలసి వచ్చింది, ముఖ్యంగా వెర్టికల్ విభాగంలో.

వాడకం విషయానికి వస్తే, హీటర్లకే సుమారు 70 వాట్లు పోతాయి కాబట్టి పెట్టె బాగా వేడెక్కుతుంది. వెనక రంధ్రాలను గోడకు ఆనించకూడదు. ఒక్క హీటరు తెగితే పండగ సీరియల్ సెట్టులాగా అన్ని ట్యూబులూ ఒకేసారి ఆరిపోతాయి. ప్లగ్గు తీసి ఒక్కో ట్యూబు హీటరును మీటరుతో చూస్తే దోషి దొరుకుతుంది. ఆ చోట 3సీబీ6 లేదని 6సీబీ6 పెట్టకూడదు: దాని హీటరుకు తగినదానికి రెట్టింపు కరెంటు ప్రవహించి తొందరలోనే కాలిపోతుంది.

అమెరికాలో పూర్తిస్థాయి స్టేషన్ల అనలాగ్ ప్రసారాలు 2009 జూన్ 12తో ముగిశాయి కనుక ఇప్పుడు బొమ్మ కావాలంటే ఛానల్ 3 లేదా 4 మీద ఇచ్చే ఎన్‌టీఎస్‌సీ (అమెరికా పాత అనలాగ్ పద్ధతి) మాడ్యులేటర్, దాని 75 ఓమ్‌ల కేబులును సెట్టు 300 ఓమ్‌ల యాంటెన్నా టెర్మినళ్లకు కలిపే చిన్న బాలున్ కావాలి. సెట్టు 4.5 మెగాహెర్ట్జ్ ధ్వనికి కట్టినది కాబట్టి 5.5 మెగాహెర్ట్జ్ పాల్ (భారత్, ఐరోపాల్లో వాడిన పద్ధతి) మాడ్యులేటర్ తగిలిస్తే బొమ్మ వచ్చినా మాట వినిపించదు. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్న చోట సెకనుకు 60 ఫీల్డుల (తెరను గీసే విడతల) బొమ్మ మీద సన్నని వణుకు కనిపిస్తుంది. ఫిల్టర్ కెపాసిటర్లు కొత్తవైతే అది తగ్గుతుంది.

బొమ్మ నాణ్యత మీద నాకు రెండు అభిప్రాయాలున్నాయి. పగటి దృశ్యాలు, ముఖాలు దగ్గరగా చూపే సన్నివేశాలు ఈ తెర మీద నిజంగా అందంగా ఉంటాయి, అంచులు మెత్తగా, నీడల్లో గీతలు స్పష్టంగా. రాత్రి దృశ్యాల్లో మాత్రం నలుపు నిలవదు. ఈ తరగతి సెట్లలో చాలావాటిలాగే ఇందులోనూ వీడియో సిగ్నల్ కెపాసిటర్ ద్వారా పిక్చర్ ట్యూబుకు చేరుతుంది కనుక, సగటు వెలుగు ఎంతన్న సమాచారం పోయి చీకటి బూడిద రంగుగా తేలుతుంది. ప్రతి సన్నివేశానికీ బ్రైట్‌నెస్ తిప్పడం నాకు అలవాటైపోయింది. ఇంట్లో మిగతావాళ్లకు కాలేదు. తెర అంచుల్లో పడే అక్షరాలు కూడా సగం కనిపించవు. స్పీకరు చిన్నదే అయినా మాట స్పష్టంగా ఉంటుంది, సంగీతానికి పనికిరాదు.

ఇలాంటి సెట్టు కొనాలనుకునేవారు పిక్చర్ ట్యూబు ఎమిషన్‌ను (కాథోడ్ ఎలక్ట్రాన్లు వెదజల్లే శక్తిని) టెస్టర్ మీద చూడాలి, ఫ్లైబ్యాక్ మీద కాలిన మచ్చలు, కరిగి కారిన మైనం ఉన్నాయేమో టార్చి వేసి చూడాలి. ఆ రెండూ బాగుంటే, మోడల్ చీటీ లేకపోయినా, లోపల కెపాసిటర్లన్నీ పోయి ఉన్నా నేను వెనకాడను. ఆ రెండిట్లో ఒకటి పోయినా, ఎంత చౌకగా ఇచ్చినా, విడిభాగాల కోసం తప్ప తీసుకోను.