నీలి గుడ్లు పెట్టే కోడిపిల్లలంటూ అమ్మే ఆయన దగ్గర కొనకండి

ఇప్పుడే ఆయన దగ్గర నుంచి వచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి. పేరు రాయను. బుట్ట నిండా ఆకాశం రంగు గుడ్లు, పక్కన గడ్డం ఉన్న కోడి, ఆ ఫోటో చూపించి పిల్లల్ని అమ్మే ఆయన. మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఎనిమిది పిల్లలు తెచ్చాను. "అమెరికానా సార్, ప్యూర్" అని జాతి పేరు చెప్పాడు. మూడు పుంజులయ్యాయి, దానికి ఎవర్నీ ఏమీ అనను. మిగిలిన ఐదు పెట్టల్ని ఆరు నెలలు దాటేదాకా మేపాను. మా పాప రోజూ బడికెళ్లే ముందు గూట్లో చెయ్యి పెట్టి తడిమేది. పోయిన నెల మొదటి గుడ్డు దొరికింది. లేత గోధుమ రంగు. తర్వాత ఇంకో పెట్ట, అదే రంగు. మూడోది మీగడ రంగు. "నాన్నా, నీలం లోపలుంటుందా?" అంది పాప. నేనూ పిచ్చివాడిలా పగలగొట్టి చూశాను. పెంకు లోపల తెల్లగా మెరుస్తోంది.

అక్కడే కథ అయిపోయిందని నాకు తెలియాలి. నీలం అనేది పైన వేసే పూత కాదు. బిలివర్డిన్ అనే రంగు పెంకు తయారవుతున్నప్పుడే దానిలో కలిసిపోతుంది, అందుకే నీలి గుడ్డు లోపలివైపు కూడా నీలంగానే ఉంటుంది. గోధుమ రంగు మాత్రం ఎక్కువగా చివర్లో పైపైన పడేది. నీలం పెంకు మీద ఆ గోధుమ పడితే ఆకుపచ్చ గుడ్డు.

ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "మేత మార్చండి సార్, ఆకుకూరలు బాగా వేయండి, నాలుగు వారాల్లో నీలం తిరుగుతుంది." మేతతో మారేది పచ్చసొన రంగు. పెట్ట ఏ రంగు గుడ్డుతో మొదలుపెడితే చివరిదాకా అదే, కాస్త ముదురూ లేతా తేడా తప్ప. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా నాలుగు వారాలు ఆకులు కోసి వేశాను. నాకంటే ఆ కోళ్లే నయం, అవి కనీసం ఆకులు తిని సంతోషించాయి.

ఇవాళ ఐదు గుడ్లూ డబ్బాలో పెట్టుకుని వెళ్లాను. గొడవకి కాదు, మాట్లాడదామనే. ఆయన ఒక గుడ్డు తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, నవ్వి, "సార్, ఈ జాతి నీలం గుడ్లు పెడుతుంది అన్నాను. మీ కోళ్లు పెడతాయని అన్నానా?" అన్నాడు.

ఆ మాటకి నాకు నిజంగా జవాబు దొరకలేదు. గుడ్డు డబ్బాలో పెట్టి, మూత కూడా తనే వేసి నా చేతికిచ్చాడు. వెనక మేత కలుపుతున్న కుర్రాడు ఫక్కున నవ్వాడు. "రంగే కావాలంటే పెయింట్ డబ్బా కొనుక్కోండి సార్" అని ఈయన. ఆ ఫోటోలోని గడ్డం కోడి ఎక్కడని అడిగాను. "అది పోయింది సార్." అంతే, లోపలికెళ్లిపోయాడు.

అప్పుడు చూశాను దొడ్లోకి. పుంజుకి తల మీద ఒకే వరుస పళ్లతో నిలువెత్తు ఒంటి తురాయి, నున్నటి మొహం. పిల్లల్ని కొన్నరోజు "రోగాలొస్తాయి, లోపలికి రావద్దు" అని గేటు దగ్గరే ఆపేశాడు. ఎంత శ్రద్ధ అనుకున్నాను! మెచ్చుకుని మరీ డబ్బులిచ్చాను.

తప్పు నాదీ ఉంది. అసలు జాతి పేరు అమెరౌకానా. దానికి గడ్డం, చెంపల ఈకలు, తోక ఉంటాయి, కాళ్లు నీలం కలిసిన బూడిద రంగు, తురాయి పొట్టిగా మూడు వరుసల బొడిపెల్లా ఉంటుంది. చిలీ నుంచి వచ్చిన అరౌకానాకి అమెరికా లెక్క ప్రకారం తోకే ఉండదు. "అమెరికానా" అని అమ్మేవి చాలావరకు ఈస్టర్ ఎగ్గర్లనే కలగలుపు కోళ్లు. వాటిలో నీలం పెట్టేవీ ఉంటాయి, ఆకుపచ్చా, మీగడా, ఏదైనా రావచ్చు. ఒక్క అక్షరం తేడా, నేను టైపింగ్ తప్పనుకున్నాను.

ఇంకోటి, ఫోటోలో గుడ్లు పెట్టల సంగతే చెబుతాయి. పుంజు ఏ రంగు జన్యువు మోస్తోందో పైకి కనబడదు. దాని రెండు జన్యువులూ నీలానివైతే కూతుళ్లందరికీ నీలమో ఆకుపచ్చో వస్తుంది, లేకపోతే లాటరీ. ఈ కలగలుపుల్లో ఆ బొడిపెల తురాయి, నీలి గుడ్డు జన్యువులు పక్కపక్కనే ఉండి తరచూ కలిసే వస్తాయి. ఒంటి తురాయి ఉన్న పెట్ట కనబడితే అనుమానించండి. నీలి గుడ్లు పెట్టే ఇంకో జాతి క్రీమ్ లెగ్‌బార్‌ది మాత్రం ఒంటి తురాయే, దాన్ని ఇలా కొలవకండి. పైగా దాంట్లో పిల్ల పుట్టగానే పెట్టో పుంజో రంగుని బట్టి తెలిసిపోతుంది. నాకిది ముందు తెలిస్తే అదే కొనేవాణ్ణి.

కొనేముందు తల్లినీ తండ్రినీ కళ్లారా చూడండి, చూపించకపోతే వచ్చేయండి. నీలి గుడ్డొకటి అడిగి పగలగొట్టి లోపల చూడండి. ఏ కోళ్లు ఏ రంగు పెడతాయన్నారో మెసేజ్‌లో రాయించుకోండి, "జాతి" అని కాదు, "ఈ పిల్లలు" అని.

మూడు పుంజులు మాత్రం భేషుగ్గా కూస్తున్నాయి, తెల్లారకముందే. ఎవరికైనా కావాలంటే చెప్పండి, రంగు గ్యారంటీ లేదు.