ఖర్చుల యాప్ రివ్యూ: నెల స్క్రీన్ దండగ, ఏడాది స్క్రీన్ కోసమే ఉంచుకున్నా

యాప్ పేరు కావాలనే రాయట్లేదు, ఎందుకంటే ఈ టైపువి ఇప్పుడు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి, లోపలికెళ్తే అన్నీ దాదాపు ఒకే తీరు. ఖర్చు రాసుకోవడం, దానికో కేటగిరీ తగిలించడం, నెలాఖరుకి ఒక రంగుల చక్రం చూపించి "ఈ నెల మీరు ఎక్కువ ఖర్చు పెట్టారు" అని మనకి తెలిసిందే మళ్లీ మనకి చెప్పడం. ఏడాది పైనే వాడాను, అదీ డబ్బులు కట్టే వెర్షన్. 5కి 3 స్టార్లు ఇస్తా, ఆ 3 కూడా ఒకే ఒక్క స్క్రీన్ వల్ల. మిగతా యాప్ అంతా లేకపోయినా నాకు పెద్ద నష్టం లేదు.

ముందు ఆ రంగుల చక్రం సంగతి. నెల లెక్కలో ఏముంటుంది చెప్పండి, అద్దె, కరెంటు, ఇంటర్నెట్, ఫీజులు, ఇంటి సరుకులు. ఎవర్ని నిద్రలో లేపి అడిగినా అటూ ఇటూగా చెప్పేస్తారు, దానికి యాప్ ఎందుకు. మన కొంప ముంచేవి ఆ వరసలో ఉండవు. దగ్గరివాళ్ల పెళ్లి, పిల్లల పుట్టినరోజు, బండి టైర్లు, పంటి డాక్టరు, కింద పడి పగిలిన ఫోన్ స్క్రీన్, ఏడాదికోసారి కట్టే ఇన్సూరెన్స్, ఇవన్నీ తీసుకెళ్లి "ఇతరాలు" అనే బుట్టలో పడేస్తుంది యాప్. మనమూ అంతే, "ఈ ఒక్క నెలే ఇలా, వచ్చే నెల నుంచి మామూలే" అనుకుంటాం. వచ్చే నెల ఇంకోటి వస్తుంది. దాన్నీ అలాగే అనుకుంటాం.

ఇది మన ఒక్కరి బుద్ధి కాదు లెండి. అబిగైల్ సస్‌మన్, ఆడమ్ ఆల్టర్ అని ఇద్దరు పరిశోధకులు 2012లో సరిగ్గా దీని మీదే ఒక పేపర్ రాశారు. రోజువారీ ఖర్చులు జనం బాగానే అంచనా వేస్తారట, ఎప్పుడో గానీ రానివి మాత్రం తక్కువ లెక్కేస్తారట, పైగా అలాంటిది వచ్చినప్పుడు చెయ్యి కాస్త ధారాళంగా కూడా వదిలేస్తారట, ఎందుకంటే దేనికదే "ఇది ఎప్పుడోగానీ రాదు కదా" అనిపిస్తుంది కాబట్టి. విడివిడిగా చూస్తే నిజమే, ఒక్కోటీ అరుదే. అన్నీ కలిపి చూస్తే ప్రతి నెలా ఒకటి తగులుతుంది.

ఆ కలిపి చూసే పని చేసేదే ఈ యాప్‌లో ఏడాది స్క్రీన్. మొదట్లో నాకు కనపడనే లేదు, రిపోర్ట్స్‌లోకెళ్లి కిందకి జరిపితే మూలన ఉంటుంది. ఖర్చు ఎక్కించేటప్పుడు "తరచూ రానిది" అని ఒక టిక్కు ఉంటుంది, అది పెట్టుకుంటూ పోతే ఇక్కడ 12 గడులు కనిపిస్తాయి, నెలకొకటి, ఒక్కో గడిలో ఆ నెల వచ్చి పడ్డవి. నావి చూస్తే ఒక్క గడి కూడా ఖాళీ లేదు. కొన్నిట్లో చిన్న గీత, రెండు మూడిట్లో మాత్రం గడి దాటి బయటికి పోయింది. అనుకోని ఖర్చులని మనం పిలిచేవాటిలో నిజంగా అనుకోనివి ఎన్ని అని చూస్తే, మా ఇంట్లో సగానికి పైగా ముందే తెలిసినవే. పుట్టినరోజు ప్రతి ఏడూ అదే తారీఖున వస్తుంది కదా, అది అనుకోని ఖర్చెలా అవుతుంది? పెళ్లిళ్లు కూడా నెలల ముందే తెలుస్తాయి. టైర్లు అరుగుతాయని తెలుసు, ఎప్పుడన్నదే తెలీదు. నిజంగా నెత్తిన పడేవి జబ్బులు, యాక్సిడెంట్లు, ఉద్యోగం పోవడం, అవి వేరే జాతి.

స్క్రీన్ అడుగున ఒక అంకె ఉంటుంది, "నెలకి ఇంత పక్కన పెట్టి ఉంటే సరిపోయేది" అని. భాగారమే, ఏమీ కాదు, ఏడాది మొత్తాన్ని 12తో కొట్టేయడం. కానీ చూస్తే గుండె ఝల్లుమంటుంది. ఉదాహరణకి ఇలాంటివన్నీ కలిపి మీకు ఏడాదికి నెలన్నర జీతం అవుతుందనుకోండి, అంటే నెల నెలా జీతంలో 12.5 శాతం, అంటే ఎనిమిదో వంతు, ఏ వేడుకా లేని నెలలో కూడా మీది కాదన్నమాట. సగం అవసరాలకి, 30 శాతం సరదాలకి, 20 శాతం పొదుపుకి అని అందరూ చెప్పే ఫార్ములా ఒకటుంది కదా, యాప్ కూడా మొదలెట్టగానే అదే నింపేసి ఇస్తుంది, అందులో ఈ ఎనిమిదో వంతు ఎక్కడ పెట్టాలి? పెళ్లి బహుమతి అవసరమా సరదానా? నాకైతే ఇప్పటికీ తేలలేదు, బంధువుల్ని బట్టి ఉంటుంది. చివరికి జరిగేదేంటంటే పొదుపు అనుకున్న 20లోంచే లాగుతాం, మళ్లీ పొదుపు నిలబడట్లేదని ఏడుస్తాం.

దీనికి యాప్‌లో "డబ్బాలు" అని ఒక ఏర్పాటుంది. వేడుకలకి ఒక డబ్బా, రిపేర్లకి ఒకటి, ఆపదకి ఒకటి. ఐడియా పాతదే, కవర్లలో డబ్బులు విడివిడిగా పెట్టుకునే వాళ్లు ఫోన్లు పుట్టకముందు నుంచీ ఉన్నారు. ఇబ్బంది ఏంటంటే ఇక్కడ డబ్బాలు ఉత్తుత్తివి, డబ్బు అంతా ఒకే బ్యాంక్ అకౌంట్‌లో ఉంటుంది, యాప్ మాత్రం స్క్రీన్ మీద విడగొట్టి చూపిస్తుంది. బ్యాంక్ యాప్ తెరిస్తే మొత్తం బ్యాలెన్స్ ఒక్కటిగా నిగనిగలాడుతూ కనిపిస్తుంది, ఇంక చెయ్యి ఊరుకుంటుందా. నేను వేడుకల డబ్బా వరకు విడిగా ఇంకో అకౌంట్ తెరిచి, జీతం పడగానే ఆటోమేటిక్‌గా అందులోకి వెళ్లేలా పెట్టాను, దానికి కార్డు తీసుకోలేదు. దాంతో యాప్‌కి కొత్త తిక్క మొదలైంది, నా అకౌంట్ నుంచి నా అకౌంట్‌కే పంపుకుంటే అది ఖర్చంటుంది! ప్రతి నెలా వెళ్లి "ఇది బదిలీ" అని మార్చాలి. రూల్ పెట్టుకోవచ్చని హెల్ప్‌లో రాశారు, పెట్టాను, రెండు నెలలు పనిచేసి మళ్లీ మొదటికొచ్చింది.

ఆపద డబ్బానీ వేడుక డబ్బానీ మాత్రం కలపొద్దు, ఈ విషయంలో యాప్ వాళ్ల సలహాతో నేను పూర్తిగా ఏకీభవిస్తా. మూడు నుంచి ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోమని అందరూ అనేది ఆపదకి. పెళ్లికి అందులోంచి తీస్తే, ఆ తర్వాత వారమే ఏదో ఒకటి వస్తుంది, గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నది ఇలాంటి రోజులకే పుట్టుంటుంది.

ఇప్పుడు "ఈవెంట్" ఫీచర్. ఏదైనా ఫంక్షన్ చేస్తున్నప్పుడు దానికంటూ ఒక పేజీ తెరుచుకుని అందులో అన్నీ రాసుకోవచ్చు. ఇది బాగా చేశారు. ముఖ్యంగా మనిషి లెక్కన పెరిగేవి వేరే, ఎంతమంది వచ్చినా మారనివి వేరే అడుగుతుంది. హాలు అద్దె, ఫొటోలు, మైకు ఇవి మారవు. భోజనం, కుర్చీలు, వచ్చినవాళ్లకి ఇచ్చేవి తల లెక్కన పెరుగుతాయి. పిలిచే జాబితాలో సంఖ్య మార్చగానే మొత్తం కింద మారిపోతుంది, అది చూసి మా ఇంట్లో ఒక చిన్న యుద్ధమే జరిగింది, ఎందుకంటే డెకరేషన్‌లో ఎంత బేరమాడినా తగ్గనంత డబ్బు ఓ ఇరవై మందిని పిలవకపోతే తగ్గుతుందని కళ్లకి కట్టినట్టు తెలిసిపోయింది. ఎవర్ని తీసేయాలన్నది యాప్ చెప్పదు మరి!

కానీ ఖర్చు తడిసి మోపెడయ్యేది ఆ జాబితాలో లేనివాటితోనే. కుట్టు కూలి, బంధువుల్ని స్టేషన్ నుంచి తీసుకురావడం, హాలువాళ్లు టైమ్ దాటితే వేసే ఎక్స్‌ట్రా, తర్వాత శుభ్రం చేసినవాళ్లకి ఇచ్చేది, సెలవు పెట్టినందుకు జీతంలో కోత, ఆఖరి నిమిషంలో "అది మర్చిపోయాం" అని ఎవరో పరిగెత్తి కొనుక్కొచ్చేవి. వీటికోసం యాప్ ఒక్క లైను కూడా పెట్టలేదు, "ఇతరాలు" కూడా మనమే పెట్టుకోవాలి. మనిషి ప్లాన్ వేసేటప్పుడు అన్నీ సవ్యంగా జరిగితే అన్న లెక్కలోనే వేస్తాడని డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1979లోనే చెప్పారు, మందు కూడా చెప్పారు, మీ ఊహని నమ్మకుండా ఇలాంటిదే ముందు చేసినప్పుడు నిజంగా ఎంతయిందో చూడమని. ఈవెంట్ పేజీలో "పోయినసారి ఎంతయింది" అని పక్కనే చూపిస్తే ఎంత బావుండేది. డేటా వాళ్ల దగ్గరే ఉంది కదా. లేదు, మనమే పాత ఈవెంట్ తెరిచి, ఒక కాగితం మీద రాసుకుని, మళ్లీ వెనక్కి రావాలి.

ఇంకోటి, ఈవెంట్ అంటే మనం చేసేదే అనుకుంటుంది ఇది. పిలిస్తే వెళ్లేవాటికి పేజీ లేదు. నా ఏడాది స్క్రీన్‌లో మేం చేసుకున్న వేడుకల కంటే వెళ్లొచ్చిన వేడుకలే పొడుగు గీతలు. టికెట్లు, బహుమతి, బట్టలు, రూము. మొహమాటానికి కేటగిరీ లేదు, ఉంటే అదే ఫస్ట్ వస్తుంది.

అసలు స్టార్లు కోసింది కిస్తీల దగ్గర. ఏదైనా ఈఎంఐ మీద తీసుకుంటే యాప్ దాన్ని నెలవారీ మామూలు ఖర్చుల్లో, కరెంటు బిల్లు పక్కన కూర్చోబెడుతుంది. దాంతో ఏడాది స్క్రీన్‌లో ఆ వేడుక మాయం. గీత ఉండాల్సిన చోట ఏమీ ఉండదు, చూడ్డానికి చాలా పద్ధతిగా బతుకుతున్నట్టుంటుంది. నిజానికి పోయిన ఏడాది పండగ కిస్తీలు తీరకుండానే ఈ ఏడాది పండగ వచ్చేసి, రెండు వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, అది ఏ స్క్రీనూ చూపించదు. వడ్డీ కూడా అప్పిచ్చేవాళ్లు చెప్పిన శాతమే మారు మాట్లాడకుండా రాసుకుంటుంది. ఫ్లాట్ 12 శాతం, 12 సమాన కిస్తీలు అన్నారనుకోండి, అసలు బాకీ నెల నెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు మొత్తం మీదే వేస్తారు, తగ్గే బాకీ మీద లెక్కేస్తే అది ఏడాదికి 21 శాతం దాటుతుంది. యాప్‌లో మాత్రం 12 అని పచ్చ రంగులో ఉంటుంది. లెక్కలు చెయ్యడానికే పుట్టిన యాప్ ఇంత చిన్న లెక్క చెయ్యకపోతే ఎలా అండీ.

కార్డుతో కూడా తలనొప్పే. గీకినప్పుడు ఒకసారి, బిల్లు కట్టినప్పుడు ఇంకోసారి, ఒకే ఖర్చు రెండుసార్లు ఎక్కుతుంది, బిల్లు ఎంట్రీని చేత్తో తీసేయాలి. హాలుకి కట్టిన డిపాజిట్ తిరిగొస్తే దాన్ని ఆదాయం అంది, ఆ నెల మాకు జీతం పెరిగినట్టు చప్పట్లు కొట్టే బొమ్మ వచ్చింది. ఇంకా పెద్ద లోటు, కార్డు ఖర్చునీ నోట్లు లెక్కపెట్టి ఇచ్చినదాన్నీ విడగొట్టి చూపించే రిపోర్ట్ లేదు. డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ 2001లో చేసిన ప్రయోగంలో, మ్యాచ్ టికెట్ల వేలంలో కార్డుతో కట్టొచ్చన్నవాళ్లు నగదే కట్టాలన్నవాళ్ల కంటే దాదాపు రెట్టింపు దాకా పాడారు. వేడుక షాపింగ్ అంతా కార్డు మీదే నడుస్తుంది ఇప్పుడు, ఆ తేడా కళ్ల ముందు కనపడితే పనికొచ్చేది.

ఇద్దరు కలిసి వాడుకోవచ్చు అన్నది మంచి విషయం, సింక్ కూడా త్వరగానే అవుతుంది. అతి త్వరగా. మా ఆయన పుట్టినరోజుకి దాచిపెట్టి కొన్నది, నేను షాపు మెట్లు దిగకముందే ఆయన ఫోన్‌లో నోటిఫికేషన్‌గా మోగింది, షాపు పేరుతో సహా. ఒక ఎంట్రీని దాచే ఆప్షన్ ఇప్పటికీ లేదు.

బ్యాంక్ మెసేజ్‌లు చదవడానికి పర్మిషన్ అడుగుతుంది, నేను ఇవ్వలేదు, చేత్తోనే ఎక్కిస్తా. కాస్త విసుగే గానీ చేత్తో అంకె కొట్టేటప్పుడు కొంచెం గుచ్చుకుంటుంది, ఆ గుచ్చుకోవడం నాకు కావాలి. డేటా బయటికి తీసుకునే దారి మాత్రం ఉంది, అది వాడండి, నెలకోసారి ఫైల్ దించి పెట్టుకోండి. అమెరికాలో మింట్ అని ఇలాంటి ఖర్చుల యాపే ఉండేది, అంతటి పేరున్నదాన్నే ఇన్‌ట్యూట్ అనే కంపెనీ 2024 మార్చిలో మూసేసింది, ఏళ్ల తరబడి లెక్కలు రాసుకున్నవాళ్లంతా ఇంకో చోటు వెతుక్కోవాల్సొచ్చింది.

కొనాలా వద్దా అంటే, నెల జీతం నెల ఖర్చులకే చాలనివాళ్లకి ఇది ఏమీ చెయ్యదు, వాళ్ల సమస్య లెక్క కాదు. జీతం సరిపోతున్నట్టే ఉండి ఏడాది చివర్లో చేబదుళ్లు అడుగుతున్నవాళ్లు మాత్రం తీసుకోండి. ఒక్క మెలిక, ట్రయల్ ఇచ్చేది నెల రోజులే, పనికొచ్చే స్క్రీనేమో ఏడాది లెక్కలుంటే గానీ నిండదు. అందుకని మొదటి రోజే పోయిన ఏడాది బ్యాంక్ స్టేట్‌మెంట్ తెచ్చి ఎక్కించేయండి, ఆ ఆప్షన్ సెట్టింగ్స్‌లో అట్టడుగున "దిగుమతి" అని ఉంటుంది, తారీఖులు రోజు ముందు, నెల తర్వాత ఉండేలా చూసుకోండి, లేదంటే మొత్తం తారుమారు చేసేస్తుంది.