ఇంటర్ హాస్టలా, అమెరికాలో ఏడాదా: పదో తరగతి తర్వాత ఏది మేలు?

పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయంటే కావలిలో ఎవరు ఎదురైనా అడిగేది ఒకటే: "పిల్లల్ని ఎక్కడ వేస్తున్నారు?" ఏ కాలేజీ, హాస్టలా, డే స్కాలరా అని దాని అర్థం. మా వాడిని 2022లో నెల్లూరులో ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వేశాం. 2024లో మా పాప వంతు వచ్చింది. "ఒక ఏడాది అమెరికాలో ఒక కుటుంబం దగ్గర ఉండి అక్కడి హైస్కూల్లో చదువుతుంది, వచ్చాక ఇంటర్" అని చెప్తే చాలామంది నమ్మలేదు. నమ్మినవాళ్లు భయపెట్టారు.

ఇప్పుడు ఒంగోలులో ఉన్న మా చెల్లెలు అడుగుతోంది. దాని కొడుకు తొమ్మిదో తరగతి. "అక్కా, నువ్వు రెండూ చూశావు కదా, ఏది మేలో చెప్పు" అంటోంది. ఫోన్లో సగం సగం చెప్పడం కంటే రాస్తేనే మంచిదనిపించింది.

పాప ప్రయాణం ఖాయమైన రోజు మా అత్తయ్య అన్నమాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "ముక్కూ మొహం తెలియని వాళ్లింటికి ఆడపిల్లని ఎట్టా పంపిస్తారమ్మా?" ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆలోచిస్తే తట్టింది, రెండేళ్ల ముందు వాడిని హాస్టల్లో దించి వచ్చినప్పుడు ఆ మాట మా ఇంట్లో ఎవరమూ అనలేదు. ఆ వార్డెన్ ముక్కూ మొహమూ మాకేం తెలుసు? పదిహేనేళ్లకు ఇల్లు విడవడం మన జిల్లాలో కొత్తేమీ కాదు. నెల్లూరైతే రైలెక్కితే గంటలో వెళ్లి చూసి రావచ్చన్న ధైర్యం ఒక్కటే తేడా.

ఆ చూసి రావడం ఎలా ఉంటుందో చెప్తాను. ఔటింగ్ ఉన్న ఆదివారం తెల్లవారుజామునే లేచి చేపల పులుసు చేసి, క్యారేజీలో సర్దుకుని వెళ్లేవాళ్లం. గేటు లోపల వేపచెట్ల కింద వరసగా మాలాంటి వాళ్లే, అందరి ముందూ క్యారేజీలు. ఒకసారి మా వాడు నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, నా ఒళ్లో తల పెట్టి నిద్రపోయాడు. లేపబుద్ధి కాలేదు. విజిల్ వేసేదాకా వాడి నుదురు నిమురుతూ కూర్చున్నాను. ఆ వారం నాలుగు రోజులు జ్వరంతో పడుకున్నాడని వాడి పక్క మంచం పిల్లవాడు చెప్తే తెలిసింది. మాకు ఫోన్ చేయలేదేమని అడిగితే, "స్టడీ అవర్స్ కదా మమ్మీ, అడిగితే తిడతారు" అన్నాడు.

అన్యాయంగా మాట్లాడకూడదు. హాస్టల్ దేనికోసమో ఆ పని చేసింది. అంతకుముందు పుస్తకం ముందు అరగంట కుదురుగా కూర్చోలేని వాడు రోజూ టైముకు లేచి లెక్కలు చేశాడు. వారం వారం పరీక్షలు రాసి రాసి పరీక్ష అంటే టెన్షన్ పోయింది. కోరుకున్న బ్రాంచిలో సీటు వచ్చింది. సీటే లక్ష్యమైతే, పిల్లవాడు కూడా అదే కోరుకుంటే, ఆ దారిని నేను తప్పు పట్టను.

పాప విషయానికి వస్తే, ఇలా మార్పిడి ప్రోగ్రాంలో వెళ్లేవాళ్లకిచ్చే జె-1 వీసా మీద వెళ్లే హైస్కూలు పిల్లల కోసం అమెరికా ప్రభుత్వం పెట్టిన నిబంధనలు కూర్చుని చదివాను. మా అత్తయ్య భయానికి జవాబు అక్కడే దొరికింది. పిల్లని పెట్టుకునే కుటుంబానికి డబ్బు ఇవ్వకూడదు, వాళ్లు ఇష్టపడి పెట్టుకోవాలి. ఆ ఇంట్లో 18 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరి మీదా నేరచరిత్ర ఏమైనా ఉందేమో చూస్తారు. ప్రోగ్రాం తరఫున ఒక స్థానిక కోఆర్డినేటర్ 120 మైళ్ల లోపలే ఉండాలి, నెలనెలా పిల్లతో మాట్లాడాలి. హాస్టల్‌కు ఫీజు కట్టి మరీ పంపిన నాకు, పైసా తీసుకోకుండా ఊరి కాని ఊరి పిల్లకు గది ఇచ్చి అన్నం పెట్టే మనుషులు ఉంటారంటే మొదట నమ్మబుద్ధి కాలేదు.

కాగితం మీది నిబంధన వేరు, జరిగేది వేరు. పాప నెబ్రాస్కాలో దిగిన మొదటి ఇల్లు కుదరలేదు. ఇద్దరూ షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు. చెడ్డవాళ్లు కారు, ఇంట్లో ఉండేవాళ్లు కారు. చిన్న ఊరు, బస్సు లేదు, స్కూలు అయ్యాక చీకటి పడేదాకా పిల్ల ఒక్కతే. మాకు చెప్పలేదు, మేం కంగారుపడతామని. మాకే అనుమానం వచ్చి, పాపను పంపిన సంస్థకు మేం రాసిన మెయిల్స్‌కు మూడు వారాలు సరైన జవాబు లేదు. ఆ మూడు వారాలు నేను సరిగా తిన్నది లేదు. అక్టోబరులో కోఆర్డినేటర్ వచ్చినప్పుడు పాపే నోరు తెరిచి చెప్పింది. నవంబరులో ఇల్లు మార్చారు. నా కొడుకు జ్వరంతో పడుకుని ఎవరికీ చెప్పలేకపోయాడు, నా కూతురు అంత దూరంలో తన కష్టం తాను చెప్పుకోగలిగింది. పిల్లల స్వభావాల్లో తేడా కొంత ఉండొచ్చు. కానీ "నీకు ఇక్కడ బాగుందా?" అని నెలకోసారి అడగడానికే ఒక మనిషి ఉండటం వల్ల కూడా ఆ తేడా వచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను.

రెండో ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, ఒక కుక్క, ఫ్రిజ్ మీద ఎవరి పని ఏదో రాసిన కాగితం. పాప పేరు కూడా అందులో ఉంది: గిన్నెలు సర్దడం, మంగళవారం చెత్తడబ్బా రోడ్డు మీద పెట్టడం. మొదటి రోజు రాత్రి ఆ ఇంటావిడ "ఇంకొంచెం పెట్టనా?" అని అడిగితే మా పాప మన అలవాటు ప్రకారం "వద్దండీ" అంది. మన ఇళ్లలో అయితే వద్దన్నా రెండుసార్లు అడిగి వడ్డిస్తారు కదా. ఆవిడ సరేనని గిన్నె లోపల పెట్టేసింది. పాప ఆకలితో పడుకుంది. ఆదివారం పొద్దున ఫోన్లో ఏడుస్తూ చెప్తే నాకూ ఏడుపొచ్చింది. వారం తర్వాత "ఇంకొంచెం కావాలి అని అడిగాను మమ్మీ, సంతోషంగా పెట్టింది" అని చెప్పింది. మొహమాటం వదిలి అడగడం నేర్చుకున్నది ఆ వారంలోనే.

మాకు ఆదివారం పొద్దున ఆరున్నర అంటే వాళ్లకు శనివారం రాత్రి ఎనిమిది. నవంబరులో వాళ్లు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకున్నాక అది ఏడైంది. వారానికి ఆ ఒక్క ఫోనే. రోజూ చేస్తే పిల్ల మనసు ఇక్కడే ఉండిపోతుందని కోఆర్డినేటర్ ముందే చెప్పారు. మొదట్లో కోపం వచ్చింది కానీ ఆమె చెప్పిందే నిజం.

ఇక నష్టం సంగతి. ఒక ఏడాది పోతుంది, దాన్ని దాచకూడదు. అక్కడి చదువు ఇక్కడ లెక్కలోకి వస్తుందన్న ఆశ పెట్టుకోకండి. పాప 2025 జూన్‌లో తిరిగి వచ్చి, తనకంటే ఏడాది చిన్నవాళ్లతో ఇంటర్ మొదటి సంవత్సరంలో కూర్చుంది. అక్కడ అమెరికా చరిత్ర చదివింది, బృందగానంలో పాడింది, కుమ్మరి చక్రం మీద కప్పులు చేసింది. లెక్కలు మాత్రం మన ఎంపీసీ వేగం కాదు, మొదటి మూడు నెలలు ఇక్కడ చాలా కష్టపడింది. ఒక్క మాట, ఏడాది ఆలస్యమైతే ఐఐటీ పోతుందన్న భయం అక్కర్లేదు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌ను ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు మొదటిసారి రాసిన ఏడాది, ఆ మరుసటి ఏడాది రాయనిస్తారు. ఇంటర్‌కు ముందు తీసుకున్న విరామం ఆ లెక్కలోకి రాదు.

అందుకే వెళ్తే పదో తరగతి అయిన వెంటనే వెళ్లాలి. జె-1కు ప్రోగ్రాం మొదలయ్యేనాటికి 15 ఏళ్లు నిండాలి, పద్దెనిమిదిన్నర దాటకూడదు. అంతవరకు చదివింది 11 ఏళ్లకు మించకూడదు. ఇంటర్ మొదటి ఏడాది తర్వాత కూడా వెళ్లవచ్చు కానీ, సగం సిలబస్ చదివి ఏడాది వదిలేసి మళ్లీ వచ్చి అందుకోవడం పిల్లలకు నరకం. రెండో ఏడాది పూర్తయితే 12 ఏళ్ల చదువు అయిపోయినట్టు, ఇక ఆ దారి లేదు. అప్లికేషన్ మాత్రం దాదాపు ఏడాది ముందే పెట్టాలి. అంటే పదో తరగతి దసరా సెలవులకే ఇంట్లో నిర్ణయం అయిపోవాలి.

డబ్బు దగ్గర మేం చేసినట్టు చేయమని ఎవరికీ చెప్పను. మేం కట్టి పంపాం. ఏళ్ల తరబడి వేసిన చీటీ డబ్బులు అందులోకే పోయాయి, వాడి హాస్టల్ రెండేళ్ల ఖర్చుకు రెండింతల పైనే అయింది. అప్పు చేసి మాత్రం పంపొద్దు. ముందు ఉచితమైనవి, ఖర్చు తక్కువయ్యే దారులు చూడండి. 2002లో అమెరికా ప్రభుత్వం మొదలుపెట్టిన కెన్నెడీ-లూగర్ యస్ (YES) అనే హైస్కూలు స్కాలర్‌షిప్ మీద మన దేశం పిల్లలూ వెళ్లారు. రోటరీ క్లబ్ వాళ్ల విద్యార్థుల మార్పిడిలో పిల్ల ఉండే ఇల్లు, చదువు అక్కడివాళ్లే చూసుకుంటారు, విమానం టికెట్టూ బీమా లాంటివి మనవి. ప్రభుత్వ డబ్బుతో వెళ్లిన వాళ్లకు తిరిగొచ్చాక రెండేళ్లు సొంత దేశంలో ఉంటేనే హెచ్-1బీ, గ్రీన్ కార్డు అన్న నిబంధన వర్తిస్తుంది. దానికి భయపడే తల్లిదండ్రులను చూశాను. ఇంటర్, బీటెక్ కలిపితే ఆరేళ్లు ఎలాగూ ఇక్కడే గడుస్తాయి కదా.

"డల్లాస్‌లో మీ మరిది ఉన్నాడుగా, వాళ్లింట్లో పెట్టి చదివించొచ్చు కదా" అని చాలామంది అన్నారు. విజిటర్ వీసా మీద వెళ్లి స్కూల్లో చేరకూడదు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ప్రభుత్వ హైస్కూల్లో చేరితే 12 నెలలే, ఆ స్కూలు ఖర్చంతా మనమే కట్టాలి. ఇవన్నీ అలా ఉంచండి, మా తోడికోడలు పిల్లని కూతురిలా చూసుకుంటుంది. పప్పుచారు పెడుతుంది, తెలుగులో మాట్లాడుతుంది. అప్పుడు "ఇంకొంచెం కావాలి" అని అడగాల్సిన అవసరం మా పాపకు ఎప్పటికీ రాదు. జపాన్ వాళ్ల సకురా సైన్స్ లాంటి వారం రోజుల యాత్రలు మంచివే, వస్తే వదులుకోవద్దు. కానీ వారంలో ఎవరైనా చుట్టమే, చెత్తడబ్బా పని చెప్పరు.

నన్నడిగితే, డబ్బు ఇబ్బంది లేకుండా, పిల్లకే వెళ్లాలని ఉంటే, ఆ ఏడాదే మేలు. వచ్చాక ఇంటర్ ఇంటి దగ్గరే, డే స్కాలర్‌గా. మా పాప ఇప్పుడు అలాగే చదువుతోంది. అన్నకంటే మార్కులు తక్కువే. నాకు దిగులు లేదు. మొన్న లెక్చరర్ బోర్డు మీద చేసిన లెక్క అర్థం కాకపోతే లేచి నిలబడి మళ్లీ చెప్పమని అడిగిందట. క్లాసులో అడిగింది ఇదొక్కతే అని దాని స్నేహితురాలు వచ్చి చెప్పింది.

మా చెల్లెలి కొడుకు విషయంలో ఇంకా తేలలేదు. అప్లికేషన్‌లో, తమని ఇంట్లో పెట్టుకోబోయే అమెరికా కుటుంబానికి పిల్లలే ఒక ఉత్తరం రాయాలి: మా ఇల్లు ఇలా ఉంటుంది, నాకు ఇది ఇష్టం, ఇందుకు వస్తున్నాను అని. పోయిన ఆదివారం వాడి చేతికి తెల్లకాగితం ఇచ్చాను. మొదటి వాక్యంలో పేరు రాశాడు, రెండో వాక్యంలో క్రికెట్ అని రాశాడు, తర్వాత వాళ్లమ్మ వైపు చూశాడు. ఆమె చెప్పబోతే ఆపేశాను. మూడో వాక్యం వాడంతట వాడు రాసినప్పుడే ఫారం తెరుద్దాం, లేకపోతే ఒంగోలులోనే మంచి కాలేజీ చూద్దాం అని చెప్పి వచ్చాను.