షాఫ్టా, ర్యాంపా: లోతైన బంగారు గనికి ఏ దారి?

టన్ను రాయిలో దొరికే బంగారం చాలాచోట్ల కొన్ని గ్రాములే. కానీ రాయంతా పైకి మోయాల్సిందే.

ర్యాంపు అంటే దాదాపు ఏడు మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగే సొరంగం రోడ్డు. లారీలు నేరుగా దిగుతాయి, పని త్వరగా మొదలవుతుంది. తక్కువ లోతులో నా ఓటు దీనికే. లోతు పెరిగేకొద్దీ మాత్రం డీజిల్ పొగ ఎక్కువై, గాలి ఇంకా పంపాల్సి వస్తుంది.

షాఫ్టు నిలువు బావి. తవ్వడానికి ఏళ్లు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. రాయిని కిందే పగలగొట్టి స్కిప్ అనే తొట్టిలో నింపితే నిమిషాల్లో పైకొస్తుంది. మనుషులు కేజ్ అనే లిఫ్టులో దిగుతారు. దక్షిణాఫ్రికాలోని ఎంపొనెంగ్ గని సుమారు 4 కిలోమీటర్ల లోతు. అక్కడ రాతి వేడి 60 డిగ్రీలు దాటుతుంది, అందుకే మంచు కలిపిన నీళ్లు కిందికి పంపి చల్లబరుస్తారు. అంత లోతుకు లారీలను నమ్ముకోలేం, షాఫ్టే దిక్కు.