బుధవారం భోజనం, రెండో సీసా చుక్కలు

కిందటి జూలైలో చేరాను, ఇప్పుడు మళ్ళీ చందా కట్టమని చీటీ వచ్చింది, కట్టాలా మానాలా అని ఇంట్లో నాలుగు రోజులు వాదించుకున్నాక ఇది రాస్తున్నా. విజయనగరంలో ఉన్న సేవా క్లబ్బుల్లో ఒకటి ఇది. పేరు రాయను. మెచ్చుకోవాల్సినవి ఉన్నాయి, కడిగెయ్యాల్సినవీ ఉన్నాయి, పైగా అందులో సగం మంది నా మెడికల్ షాపుకి బీపీ మాత్రల కోసం వచ్చేవాళ్ళే.

మీటింగు ప్రతి బుధవారం ఒంటిగంటా పావుకి, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక హోటల్ మేడ మీద. ఎండకి బజారు పలచబడే వేళ కాబట్టి షాపుల వాళ్ళకి వీలే, నేను కూడా కౌంటరు మా ఆయనకి అప్పగించి వెళ్తాను. కార్డు మీద ఒంటిగంటా పావు అని ఉంటుంది గానీ ప్రెసిడెంటుగారు గంట కొట్టేసరికి ఒకటీ నలభై. ఆ తర్వాత ప్రార్థన, పోయినవారం మినిట్స్, పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, వచ్చిన అతిథికి శాలువా, అతిథిని తీసుకొచ్చినాయనకి శాలువా, ఒక్కోసారి శాలువా కప్పిన ఆయనకే ఇంకో శాలువా. మా ఇంట్లో ఇప్పుడు నాలుగున్నాయి, చలికాలంలో మా అత్తగారు కప్పుకుంటారు, కాబట్టి మరీ వృథా అనను. ఎటొచ్చీ ఇదంతా అయ్యేదాకా అన్నం గిన్నెల మూతలు తియ్యరు. షుగర్ ఉన్నవాళ్ళు కనీసం పదిమంది ఉన్న హాల్లో ఇది పద్ధతి కాదని రెండుసార్లు చెప్పాను, నవ్వారు. నేను ఇప్పుడు షాపులోనే రెండు బిస్కెట్లు తిని వెళ్తున్నా.

భోజనం సంగతి చెప్పాలంటే, ప్లేటుకి కట్టేదానికి సరిపడా ఉంటుంది, అంతకన్నా గొప్పగా ఏమీ ఉండదు. పప్పు బాగుంటుంది, బంగాళాదుంప వేపుడు నూనె కారుతుంది, పెరుగు మాత్రం ఎప్పుడూ గడ్డగా, పులుపు లేకుండా ఉంటుంది. ఏడాదిలో నాకు గుర్తుండిపోయిన భోజనం మాత్రం హోటల్లో కాదు, ఒక సభ్యుడు మీటింగు వాళ్ళింట్లో పెట్టినప్పుడు తిన్నది: ఆవపెట్టిన పనసపొట్టు కూర, ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం. ఆ రోజు వక్త ఏం మాట్లాడారో ఎవరినడిగినా చెప్పలేరు.

ఈ వారం వారం కలవడం అనే అలవాటు చాలా పాతది. 1905లో చికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మొదలుపెట్టిన రోటరీకి ఆ పేరే, ఒకరి ఆఫీసు తర్వాత ఇంకొకరి ఆఫీసులో వంతులు తిరుగుతూ కలిసేవాళ్ళు కాబట్టి వచ్చింది. లయన్స్‌ది 1917, అక్కడా మూలపురుషుడు మెల్విన్ జోన్స్ ఇన్సూరెన్సు వ్యాపారం చేసుకునే ఆయన. అంటే రెండూ వ్యాపారం చేసుకునేవాళ్ళ మధ్య పుట్టినవే, అందుకని ఎవరైనా విజిటింగ్ కార్డులు పంచుకుంటే నేనేమీ మొహం చిట్లించను. ఆడవాళ్ళని సభ్యులుగా తీసుకోవడం మాత్రం రెండు చోట్లా 1980ల చివరిదాకా లేదు. మా క్లబ్బులో ఇప్పటికీ నలభైమందిలో మేం ఆరుగురం, కొత్తగా వచ్చిన అతిథులు నన్ను చూసి "సార్ రాలేదామ్మా?" అంటారు. సార్ షాపులో ఉన్నారండీ, సభ్యురాలిని నేను అని చెప్పడం అలవాటైపోయింది.

వక్తల్లో బాగా మాట్లాడినవాళ్ళు ఏడాదికి అయిదారుగురే. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక కిడ్నీ డాక్టరు మాట్లాడినప్పుడు ఎవరూ ఫోను చూసుకోలేదు. ఉద్దానంలో, కవిటి, సోంపేట, పలాస అటువైపు ఇన్నేళ్ళుగా ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ ఒక్క కారణం ఇదీ అని తేలలేదని, తేలినా తేలకపోయినా చీటీ లేకుండా నొప్పుల మాత్రలు మింగడం మాత్రం ఆపాలని చెప్పి ఆగారు. హాలు హాలంతా తిరిగి నా వంక చూసింది. సరే, ఆ మర్నాటి నుంచి షాపులో నొప్పుల మాత్రలకి చీటీ అడగడం గట్టిగా మొదలుపెట్టాను, నలుగురు ఖాతాదారులు కోపగించుకుని పక్క షాపుకి పోయారు.

ఇక అసలు విషయం, కంటి శిబిరం. ఈ క్లబ్బుని తూచాలంటే దీంతోనే తూచాలి. గజపతినగరం వైపు ఒక ఊరి బడిలో పొద్దున్నే బల్లలు వేసి కళ్ళు చూస్తారు, శుక్లం ముదిరినవాళ్ళకి షుగరు, బీపీ చూసి బస్సులో కంటి ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఆపరేషన్ చేసి లెన్సు పెట్టించి, నల్లద్దాలతో మళ్ళీ ఊళ్ళో దింపుతారు. పైసా తీసుకోరు. బస్సు దిగేటప్పుడు ఫోటోలు, మర్నాడు పేపర్లో వార్త. అంతవరకూ ఎవరికీ పేరు పెట్టడానికి లేదు.

నాకు తేడా తెలిసింది నెల తర్వాత, కౌంటరు దగ్గర. ఆ ఊరి ముసలమ్మ ఒకామె, ఆపరేషన్ తర్వాత వెయ్యమని ఇచ్చిన కంటి చుక్కల ఖాళీ సీసా పట్టుకుని వచ్చి "బుడ్డి అయిపోనాదమ్మా, మరి ఎయ్యక్కర్లేదు కదేటి?" అంది. చీటీ చూస్తే మొదటివారం రోజుకి ఆరుసార్లు, తర్వాత వారానికి ఒక్కోసారి తగ్గించుకుంటూ ఆరు వారాలు వెయ్యాలని ఉంది. ఇచ్చింది అయిదు మిల్లీలీటర్ల సీసా ఒక్కటి. ఒకవేళ పొదుపుగా వేసుకుని మిగిల్చినా, మూత తీసిన కంటి చుక్కలు నెల దాటాక వాడకూడదు. అంటే ఎలా చూసినా రెండో సీసా కావాలి. ఈమె నన్ను అడగబట్టి సరిపోయింది, అడగకుండా మానేసినవాళ్ళు ఎందరో. కన్ను ఎర్రబడి వాచాక గానీ రారు, అప్పుడు "క్లబ్బోళ్ళ ఆపరేషన్ కుదర్లేదు" అని ఊరంతా చెప్పుకుంటారు, వచ్చే ఏడాది శిబిరానికి ఆ ఊరినుంచి ఎవరూ బస్సెక్కరు.

ఆ బుధవారం మీటింగులో ఇది చెబుదామని వెళ్ళాను. ఎజెండాలో చివర పెట్టారు. ముఖ్య అతిథిగారు వ్యక్తిత్వ వికాసం మీద ముప్పావుగంట మాట్లాడాక నాకు మిగిలింది రెండు నిమిషాలు, ఆ రెండు నిమిషాల్లోనూ కంచాలు మోగుతున్నాయి. ఒళ్ళు మండిపోయింది, ఆ రోజే మానేద్దామనుకున్నా. చెయ్యి కడుక్కునే చోట మా ట్రెజరరు పట్టుకున్నాడు. జూట్ మిల్లులో లెక్కలు చూసి రిటైరైన మనిషి, అందరం బాబాయిగారూ అంటాం, మీటింగుల్లో పెద్దగా నోరు విప్పరు. చంకలో ఎప్పుడూ ఒక పొడుగు రిజిస్టరు. "ఇందాక ఏటన్నావమ్మా, సీసాలు ఎన్ని కావాలన్నావు?" అని అక్కడే నిలబడి రాసుకున్నారు. ఆ రిజిస్టరులో నాలుగేళ్ళుగా ఆపరేషన్ అయిన ప్రతి మనిషి పేరు, ఊరు, ఏ కన్ను, మళ్ళీ చూపించుకోవడానికి వచ్చారా లేదా, అన్నీ ఉన్నాయి. రానివాళ్ళకి ఎదురుగా ఎర్రసిరా సున్నా. క్లబ్బులో ఎవరూ దాన్ని తెరిచి చూసినట్టు లేదు.

తర్వాతి శిబిరానికి మనిషికి రెండు సీసాలు. నేను కొన్న ధరకే ఇచ్చాను, అందులో గొప్పేమీ లేదు. చదువు రానివాళ్ళ కోసం రోజుకి ఎన్నిసార్లో అన్ని చుక్కల బొమ్మలు గీసి ఒక కార్డు చేశాం, వేసినప్పుడల్లా ఒక చుక్క కొట్టెయ్యాలి. నెల తిరిగాక బాబాయిగారు, నేను, ఇంకో టీచరుగారు ఆటో కట్టించుకుని ఆ ఊరు వెళ్ళాం. కార్డు మీద చుక్కలు సగం మనవలు కొట్టేసినవే, అయినా సీసాలు మాత్రం ఖాళీ అయ్యాయి. ఫోటోగ్రాఫరు రాలేదు కాబట్టి ఆ ప్రయాణం క్లబ్బు పత్రికలో లేదు.

మిగతావి చకచకా చెప్పేస్తా. రక్తదాన శిబిరం బాగా నడుపుతారు, హిమోగ్లోబిన్ చూడకుండా ఎవరినీ మంచమెక్కించరు. పల్స్ పోలియో ఆదివారాలకి మనుషుల్ని పంపుతారు. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం రోజున మూడు లాంతర్ల కూడలి దగ్గర మంచినీళ్ళు పోస్తారు గానీ, ఆ జనంలో నీళ్ళ డ్రమ్ము ఎక్కడుందో కనబడదు, పన్నెండు మంది ఫోటోలున్న ఫ్లెక్సీ మాత్రం కోట దాకా కనబడుతుంది. నీళ్ళ పాకెట్లు వద్దు, గ్లాసులతో పోద్దాం అన్నాను, కడిగేదెవరు అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది, చెప్పొద్దూ.

చందా రెండు కిస్తీల్లో కట్టొచ్చు. అందులో కొంత డాలర్ల లెక్కన పైసంస్థకి పోతుంది, భోజనాలు వేరు, శిబిరాలకి చేతినుంచి పెట్టేది ఇంకా వేరు, కాబట్టి చేరేముందు ఏడాదికి మొత్తం ఎంతవుతుందో సెక్రటరీని నిలదీసి అడగండి, నాకు ఎవరూ ముందు చెప్పలేదు. వ్యాపారం పెరుగుతుందని చేరేవాళ్ళకి మాత్రం ఒక మాట, నాకైతే బేరం పెరగలేదు, అరువు పెరిగింది.

మొదటి కిస్తీ కట్టేశాను. జాయింట్ సెక్రటరీగా ఉండమన్నారు, ఎజెండా నేను రాస్తానంటే ఉంటానన్నాను, ఆలోచించి చెబుతామన్నారు. చూడాలనుకునేవాళ్ళు అతిథిగా ఒక బుధవారం రావచ్చు, కానీ మంగళవారం సాయంత్రంలోగా ఫోన్ చేసి చెప్పండి, ప్లేట్లు లెక్కపెట్టి వండిస్తారు. సాంబారులో ఉప్పు ఎక్కువ, పెరుగుకి చోటు ఉంచుకోండి.