ఆఫీసు ఫైళ్లన్నీ ట్రూనాస్ మీద పెట్టాక

స్టోరేజీ మీద రివ్యూ అనగానే అందరూ ముందు స్పీడు లెక్కలు పెడతారు. నేను పెట్టడం లేదు. గిగాబిట్ నెట్‌వర్క్ ఉన్న ఆఫీసులో ఎంత ఖరీదైన సర్వర్ పెట్టినా ఒక్కో కంప్యూటర్‌కి సెకనుకు 110 మెగాబైట్లు దాటి పెద్దగా రాదు. ఆ మాత్రం మామూలు హార్డ్‌డిస్కులు నాలుగు కలిస్తే ఇచ్చేస్తాయి. నేను చూసేది వేరు. ఎవరో ఫోల్డర్ డిలీట్ చేసిన రోజున, డిస్కు పోయిన రోజున, ఏదో పీసీలోకి వైరస్ దూరిన రోజున ఈ పెట్టె నాకెంత పని తగ్గిస్తుంది? మామూలు కంప్యూటర్‌ని ఆఫీసు ఫైల్ సర్వర్‌గా మార్చే ట్రూనాస్ కమ్యూనిటీ ఎడిషన్‌కి నేను వేసే మార్కులన్నీ ఆ రోజులవే.

పేరు కొత్తగా అనిపించినవాళ్లకి కాస్త పూర్వకథ. 2005లో ఒలివియర్ కొషార్-లాబే ఫ్రీనాస్ పేరుతో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. తర్వాత ఐఎక్స్‌సిస్టమ్స్ అనే కంపెనీ చేతికొచ్చింది, 2020లో ట్రూనాస్‌గా మారింది. అప్పట్లో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేది. 2022లో డెబియన్ లినక్స్ మీద స్కేల్ అనే రూపం వచ్చింది, కొత్త పనులన్నీ ఇప్పుడు దాని మీదే జరుగుతున్నాయి. 25.04 వెర్షన్ నుంచి దాన్నే కమ్యూనిటీ ఎడిషన్ అంటున్నారు. అడుగున ఉన్న ఫైల్ సిస్టమ్ జెడ్‌ఎఫ్‌ఎస్, సన్ మైక్రోసిస్టమ్స్‌లో 2001లో మొదలైంది. సాఫ్ట్‌వేర్ ఉచితం. సర్వర్, డిస్కులు, బుర్ర మనవి.

అసలు విషయానికొస్తే, ఒకరోజు పొద్దున్నే అకౌంట్స్ నుంచి ఫోను. "మేడం, నిన్నటిదాకా ఉన్న జీతాల ఫోల్డరు ఇవాళ లేదండీ. నేనైతే ఏం ముట్టుకోలేదు." ముట్టుకోని ఫోల్డర్లే మాయమవుతుంటాయి, ఏ ఆఫీసులోనైనా. "దాని పైన ఉన్న ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టండి, ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి, ప్రీవియస్ వెర్షన్స్ అని ఉంటుంది చూడండి" అన్నాను. తేదీలు, టైములు వరసగా కనిపించాయట. నిన్న సాయంత్రం 6 గంటలది తెరవమన్నాను. "ఇదిగో మేడం, ఇందులో ఉంది!" ఆయనే కాపీ చేసుకుని పేస్ట్ చేసుకున్నారు. నేను కుర్చీలోంచి లేవనేలేదు.

దీని వెనక ఉన్నది స్నాప్‌షాట్, అంటే ఒక క్షణాన ఫైళ్లన్నీ ఎలా ఉన్నాయో అలాగే పట్టి ఉంచడం. జెడ్‌ఎఫ్‌ఎస్ ఏ ఫైలు మార్చినా పాత డేటా మీద కొత్తది రాయదు. చిట్టా పుస్తకంలో పాత పద్దు చెరపకుండా కింద కొత్తది రాసినట్టు, వేరే చోట రాసి గుర్తు మాత్రం అటు మారుస్తుంది. అందుకే స్నాప్‌షాట్ తీయడానికి టైమే పట్టదు, తీసిన వెంటనే చోటూ తినదు. మా షేర్లన్నిటికీ (నెట్‌వర్క్‌లో అందరూ వాడే ఫోల్డర్లు) గంటకోసారి తీసేవి రెండు వారాలు, రోజుకోసారి తీసేవి రెండు నెలలు ఉంటాయి. గడువు దాటినవి వాటంతట అవే పోతాయి. ఎస్‌ఎంబీ (విండోస్ ఫైళ్లు పంచుకునే పద్ధతి) షేర్ సెట్టింగుల్లో షాడో కాపీస్ ఆన్‌లో ఉంటే చాలు, అవన్నీ విండోస్ వాళ్లకి రైట్ క్లిక్‌లో దొరుకుతాయి.

ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ విషయంలోనూ ఇదే అండ. స్నాప్‌షాట్ రీడ్-ఓన్లీ, కాబట్టి యూజర్ పీసీలోకి దూరిన వైరస్ షేర్‌లో ఉన్న ఫైళ్లని పాడుచేయగలదేమో గానీ స్నాప్‌షాట్‌లోని డేటాని ముట్టుకోలేదు. అయితే అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగ చేతిలో పడితే అన్నిటినీ ఒక్క క్లిక్‌తో చెరిపేయొచ్చు. అందుకని రెండో ట్రూనాస్ పెట్టె ఇంకో గదిలో పెట్టాం. స్నాప్‌షాట్లని ఒక పెట్టె నుంచి ఇంకోదానికి కాపీ చేసే రెప్లికేషన్ టాస్క్‌లో దిశ అడుగుతుంది, అక్కడ పుల్ ఎంచుకోవాలి. అంటే రెండో పెట్టే వచ్చి మొదటిదాన్నుంచి స్నాప్‌షాట్లు లాక్కుంటుంది. రెండోదాని తాళం మొదటిదాని దగ్గర ఉండదు. మొదటిదాన్ని ఎవడు గుల్ల చేసినా రెండోది నిలబడుతుంది. మారిన బ్లాకులు (డేటా ముక్కలు) మాత్రమే వెళతాయి కాబట్టి నెట్‌వర్క్ మీద భారమూ తక్కువే. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా ట్రూనాస్‌కి నా ఓటు.

స్నాప్‌షాట్ల వల్ల ఒక తలనొప్పి తప్పదు. జనం పాత వీడియోలు వందల గిగాబైట్లు డిలీట్ చేసి, ఖాళీ పెరగలేదేంటని అడుగుతారు. ఆ డేటాని స్నాప్‌షాట్లు పట్టుకుని ఉంటాయి మరి. గడువు తీరేదాకా చోటు తిరిగి రాదు. ఈ సంగతి పై అధికారులకి ముందే చెప్పి పెట్టుకోవాలి.

చోటు లెక్క కూడా ముందే చెప్పాలి. 8 టెరాబైట్ల డిస్కులు ఆరు కొంటే 48 అనుకుంటారు. డిస్కులన్నిటినీ కలిపే రెయిడ్‌జెడ్2 పద్ధతి పెడితే రెండు డిస్కుల చోటు పారిటీకి (డిస్కు పోతే డేటా తిరిగి కట్టుకోవడానికి దాచే అదనపు లెక్క) పోతుంది, మిగిలింది 32. డిస్కు కంపెనీలది 1000 లెక్క, సిస్టమ్‌ది 1024 లెక్క కాబట్టి తెర మీద అది 29 టెబీబైట్లుగా, అంతకంటే కాస్త తక్కువగానే కనిపిస్తుంది. పూల్ (డిస్కులన్నీ కలిపిన చోటు) 80 శాతం నిండగానే ట్రూనాస్ హెచ్చరిక మొదలుపెడుతుంది. నిండేకొద్దీ ఖాళీ బ్లాకులు వెతుక్కోవడంలో రాత నెమ్మదిస్తుంది, అందుకు. అంటే నిశ్చింతగా వాడుకునేది సుమారు 23. కొనుగోలు కాగితం మీద సంతకం పెట్టినాయనకి 48 నుంచి 23కి ఎలా దిగామో వివరించడం సర్వర్ సెటప్ కంటే కష్టం.

డిస్కు పోయినప్పటి సంగతి. పూల్ తయారుచేసినప్పుడే స్క్రబ్ టాస్క్ దానంతటదే ఏర్పడుతుంది, 35 రోజుల అంతరంతో. స్క్రబ్ అంటే రాసిన ప్రతి బ్లాకునీ చదివి చెక్‌సమ్‌తో (రాసినప్పుడే ఆ డేటా నుంచి లెక్కకట్టి దాచుకున్న అంకె) సరిపోల్చడం; తేడా ఉంటే పారిటీ నుంచి సరిచేయడం. అలాంటి ఒక స్క్రబ్‌లో ఒక డిస్కు ఎదుట చెక్‌సమ్ తప్పులు కనిపించాయి. చదవడంలో, రాయడంలో తప్పులు సున్నా. అంటే డిస్కు చచ్చిపోలేదు, అబద్ధం చెబుతోంది. చెక్‌సమ్ చూడని సిస్టమ్ అయితే ఆ పాడైన ఫైలుని అలాగే చేతిలో పెట్టేది. ఇక్కడ మెయిల్ వచ్చింది, ఫైలు బాగానే ఉంది. ముందు కేబుల్ మార్చి చూశాను, తగ్గలేదు. డిస్కు మార్చాల్సి వచ్చింది.

కొత్త డిస్కు పంపిన డీలరు (పేరెందుకు) ఎస్‌ఎంఆర్ రకం పంపాడు. ఈ రకంలో ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి, ఆగకుండా రాయాల్సి వస్తే చతికిలపడతాయి. డిస్కు మార్చాక చేసే రీసిల్వర్‌లో (కొత్త డిస్కులోకి డేటా తిరిగి కట్టే పని) కావలసింది ఆగకుండా రాయడమే. డబ్బా మీద ఆ ముక్క ఎక్కడా లేదు, మోడల్ నంబరు పట్టుకుని వెతికితే బయటపడింది. వెనక్కి పంపి ట్రాకులు విడివిడిగా ఉండే సీఎంఆర్ రకం తెప్పించాం. మీరు కొనేటప్పుడు ఆర్డరులోనే సీఎంఆర్ అని రాయించండి.

ఇంకో చిన్న మాట: తెర మీద ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని కనిపించే డిస్కుల పేర్లని నమ్ముకోవద్దు, రీబూట్ అయితే మారిపోవచ్చు. సీరియల్ నంబరులోని చివరి నాలుగు అక్షరాలు లేబుల్ మీద కొట్టి ప్రతి ట్రే ముందుభాగాన అంటించండి. తప్పు డిస్కు లాగితే ఏమవుతుందో ఊహించుకోండి. ఎల్‌ఈడీ వెలిగించే సౌకర్యం అన్ని కేబినెట్లకీ ఉండదు. రెయిడ్ కార్డు కూడా వద్దు, డిస్కులు నేరుగా కనిపించేలా హెచ్‌బీఏ అనే కార్డు పెట్టుకోండి.

ఇక లోపాలు. పెద్దది ప్లానింగ్‌ది. ఒక్క డిస్కు చోటే పారిటీకి వాడే రెయిడ్‌జెడ్1 పెట్టి, తర్వాత మనసు మార్చుకుని రెయిడ్‌జెడ్2 చేద్దామంటే కుదరదు. మొత్తం డేటా ఇంకో చోటికి దించి పూల్ మళ్లీ కట్టాల్సిందే. ఉన్న రెయిడ్‌జెడ్ వరసకి ఒక డిస్కు చేర్చే సౌకర్యమే 24.10 వెర్షన్ దాకా లేదు. ఇప్పుడు ఉంది, కానీ పాత డేటా మాత్రం పాత పారిటీ నిష్పత్తిలోనే ఉండిపోతుంది. కొత్తగా రాసిన దానికే పూర్తి లాభం.

అనుమతులు మరో అడవి. ఒకే డేటాసెట్‌ని (పూల్‌లో వేరుగా చేసిన భాగం) విండోస్ వాళ్లకి ఎస్‌ఎంబీలో, లినక్స్ వాళ్లకి ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఇస్తే ఏసీఎల్‌ల (ఎవరికి ఏ అనుమతి ఉందో చెప్పే జాబితాలు) గొడవ మీకు నిద్రలోనూ వినిపిస్తుంది. వేరే వేరే డేటాసెట్లు పెట్టండి, అనుమతులు మనుషులకి కాకుండా గ్రూపులకి ఇవ్వండి. యాక్టివ్ డైరెక్టరీలో (ఆఫీసు లాగిన్లన్నీ చూసే మైక్రోసాఫ్ట్ ఏర్పాటు) చేర్చేటప్పుడు సర్వర్ గడియారం చూడండి. దాన్ని నడిపే డొమైన్ కంట్రోలర్ సర్వర్‌తో 5 నిమిషాలకి మించి తేడా ఉంటే లాగిన్ సరిచూసే కెర్బరోస్ ఒప్పుకోదు. ఎర్రర్ మెసేజీ మాత్రం గడియారం తప్ప అన్నిటినీ అనుమానించేలా చేస్తుంది.

వర్చువల్ మెషిన్లకి ఐస్కజీ (నెట్‌వర్క్ మీద డిస్కునే అందించే పద్ధతి) బాగానే నడుస్తుంది. ఒకే లన్‌ని (అలా అందించే ఒక్కో డిస్కు) క్లస్టర్ ఏర్పాటు లేకుండా రెండు సర్వర్లకి ఇస్తే డేటా పాడవుతుంది, తెర మీద ఎవరూ ఆపరు. డేటా భద్రంగా పడ్డాకే పూర్తయిందని చెప్పే సింక్ రాతలు నెమ్మదిగా ఉన్నాయని సింక్ ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లు కనిపిస్తారు. కరెంటు పోతే చివరి కొన్ని సెకన్ల రాతలు గాలికి పోతాయి, డేటాబేస్ ఉన్న చోట ఆ పని వద్దు. కరెంటు పోయినా రాత పోకుండా కెపాసిటర్ రక్షణ ఉన్న ఎస్‌ఎస్‌డీని లాగ్ డిస్కుగా (సింక్ రాతలు ముందు పడే చోటు) పెట్టుకోవడం సరైన దారి. యాప్స్ అనే విభాగం కూడా ఉంది. దాన్ని నడపడానికి 24.10లో కుబర్నెటీస్ తీసేసి డాకర్ పెట్టారు. ఫైళ్లు దాచే పెట్టెలో నేను ఇంకేమీ నడపను, కాబట్టి దాని మీద అభిప్రాయం లేదు.

అప్‌డేట్ల విషయంలో నాకు నచ్చింది బూట్ ఎన్విరాన్‌మెంట్. పాత వెర్షన్ అలాగే ఉంటుంది, కొత్తది మొండికేస్తే రీబూట్ చేసి పాతదాంట్లోకి వెళ్లిపోవచ్చు. ఒకటే షరతు: కొత్త వెర్షన్ వచ్చాక పూల్ అప్‌గ్రేడ్ చేయమని కనిపించే బటన్ తొందరపడి నొక్కకూడదు. అది నొక్కితే పాత వెర్షన్‌కి ఆ పూల్ తెరుచుకోకపోవచ్చు. కొన్ని వారాలు గడిచి, అంతా సవ్యంగా ఉందనిపించాకే నేను దాని జోలికెళతాను.

ఎవరికి సరిపోతుంది? డిస్కుల గురించి వచ్చే మెయిళ్లు చదివే మనిషి ఒకరున్న ఆఫీసుకి. అలాంటి మనిషి లేకపోతే సైనాలజీ లాంటి రెడీమేడ్ పెట్టె నయం. రకరకాల సైజు డిస్కులు కలిపినా సర్దుకుంటుంది, సెటప్ కూడా తేలిక. నిమిషం కూడా ఆగకూడని చోట అయితే కమ్యూనిటీ ఎడిషన్ వద్దు. డిస్కులని నడిపే ఒక కంట్రోలర్ పోతే రెండోది అందుకునే ఏర్పాటు ఎంటర్‌ప్రైజ్ హార్డ్‌వేర్‌తోనే వస్తుంది. మా దగ్గర అప్‌డేట్ పెట్టేటప్పుడు భోజనాల వేళ అందరికీ చెప్పి రీబూట్ చేస్తాను, ఆ కాసేపు ఎవరికీ ఫైళ్లు తెరుచుకోవు. మా ఆఫీసుకి అది సమ్మతమే.